సిగ్నల్ లేని కొండల్లో మూడు రోజులు: క్యాంపింగ్, ఫోర్ వీల్ డ్రైవ్, ట్రెక్కింగ్ ట్రిప్‌కి మీ ఫోన్‌ను ఎలా రెడీ చేయాలి?

ఫోన్ రివ్యూ అనగానే అందరం ముందు చూసేది ప్రాసెసర్, కెమెరా, చార్జింగ్ స్పీడ్. ఈసారి వాటిని కాస్త పక్కన పెడదాం. అదే ఫోన్‌ని ఒక్క టవర్ కూడా లేని చోటికి, రాత్రి సున్నా డిగ్రీలకు పడిపోయే కొండల్లోకి తీసుకెళ్తే ఎంతవరకు పనికొస్తుంది? ఏ పని చేస్తుంది, ఏ పని చేయదు? ఈ ఆర్టికల్‌లో అదే స్టెప్ బై స్టెప్ చూద్దాం.

నేను ఉండేది మెల్‌బోర్న్‌లో. ఇక్కడి నుంచి కారులో మూడు గంటలు వెళ్తే విక్టోరియా హై కంట్రీ వస్తుంది. ఆస్ట్రేలియన్ ఆల్ప్స్‌లో ఇదొక భాగం. యూనివర్సిటీలో చేరిన మన కుర్రాళ్లు మొదటి లాంగ్ వీకెండ్‌కే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకు తీసుకుని అక్కడికి వెళ్దామంటారు. "బావా, కొత్త ఫోన్ ఉంది కదా, ఇంకేం కావాలి?" అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. వాళ్లందరికీ నేను చెప్పే రూల్ ఒకటే: ఏదైనా ఒక పనిని ఫోన్ ఒక్కటే చేస్తోందంటే, ఆ పనికి మీ ప్లాన్ ఇంకా పూర్తి కాలేదు.

దారి చూపడం, వెలుగు, వాతావరణం, టైమ్, సాయం పిలవడం... ఈ ఐదు పనులనూ మనం ఫోన్‌కే అప్పగించేశాం. కొండల్లో ఒక్క బ్యాటరీ అయిపోతే ఐదూ ఒకేసారి ఆగిపోతాయి. అసలు రిస్క్ అక్కడే ఉంది.

ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోవద్దు

విక్టోరియాలో ఎత్తైన శిఖరం మౌంట్ బోగాంగ్, 1,986 మీటర్లు. హిమాలయాలతో పోలిస్తే ఇది చిన్న కొండే. కానీ ఇక్కడ ఏ నెలలోనైనా మంచు పడొచ్చు, నడి వేసవిలో కూడా. 1936 ఆగస్టులో క్లీవ్ కోల్ అనే స్కీయర్ ఇద్దరు తోటి స్కీయర్లతో కలిసి మౌంట్ హోథమ్ నుంచి బోగాంగ్‌కి వెళ్లారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే. బోగాంగ్ మీద మంచు తుఫాను పట్టుకుంది, ఎటు చూసినా తెలుపే, దారి కనపడలేదు. రోజుల తరబడి అక్కడే చిక్కుకున్నారు. చివరికి కోల్ ప్రాణాలు పోయాయి. ఆయన పేరుతో కట్టిన క్లీవ్ కోల్ హట్ ఇప్పటికీ ఆ కొండ మీద ఉంది.

అప్పుడు వాళ్ల దగ్గర జీపీఎస్ లేదు, మన దగ్గర ఉంది. కానీ జీపీఎస్ మీకు చలి తగ్గించదు, గాలి ఆపదు. మీరు ఎక్కడున్నారో మాత్రమే చెబుతుంది. అది కూడా బ్యాటరీ ఉన్నంత సేపే.

శాంపిల్ రూట్: శుక్రవారం నుంచి ఆదివారం

ఉదాహరణకి ఏప్రిల్ మధ్యలో మూడు రోజుల ట్రిప్ అనుకుందాం.

మొదటి రోజు: మెల్‌బోర్న్ నుంచి మాన్స్‌ఫీల్డ్. అక్కడ ఫుల్ ట్యాంక్, కిరాణా, చివరి డౌన్‌లోడ్‌లు. తర్వాత మెరిజిగ్ దగ్గర తిరిగి, హౌక్వా ట్రాక్ మీదుగా హౌక్వా నది ఒడ్డున ఉన్న షీప్‌యార్డ్ ఫ్లాట్‌లో క్యాంప్.

రెండో రోజు: బ్రాక్స్ రోడ్, బ్లఫ్ లింక్ రోడ్ మీదుగా ది బ్లఫ్ కొండ కిందికి డ్రైవ్. అక్కడ బండి ఆపి పైకి నడక. బ్లఫ్ 1,700 మీటర్లు దాటిన కొండ, దారి నిటారుగా రాళ్ల మీదుగా ఉంటుంది. దిగి వచ్చి దగ్గర్లో క్యాంప్.

మూడో రోజు: సర్క్యూట్ రోడ్ వైపు వచ్చి క్రెయిగ్స్ హట్ చూసి, మళ్లీ మాన్స్‌ఫీల్డ్. 1982లో వచ్చిన 'ది మ్యాన్ ఫ్రమ్ స్నోయీ రివర్' సినిమా కోసం కట్టిన గుడిసె ఇది. 2006 డిసెంబర్ కార్చిచ్చులో కాలిపోతే మళ్లీ కట్టారు.

ఈ రూట్ ఫిక్స్ చేసే ముందు ఒక విషయం చెక్ చేయాలి. ఇక్కడి మట్టి ట్రాక్‌లు చాలావరకు చలికాలంలో మూసేస్తారు. జూన్‌లో వచ్చే కింగ్స్ బర్త్‌డే లాంగ్ వీకెండ్ తర్వాత గేట్లు పడతాయి, అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో తీస్తారు. వర్షాలు ఎక్కువైతే తేదీ ఇంకా వెనక్కి వెళ్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో రోడ్డు కనపడినంత మాత్రాన గేటు తీసి ఉందని కాదు. పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో చూసుకుని, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కార్చిచ్చు, వరద హెచ్చరికల కోసం విక్‌ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోండి. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు క్యాంప్‌ఫైర్ ఊసే ఎత్తకూడదు. ఇంకో మాట, డ్రోన్ ఉన్నవాళ్లకి: నేషనల్ పార్క్ లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

మ్యాప్ డౌన్‌లోడ్ చేస్తే సరిపోదు, టెస్ట్ చేయాలి

గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్ ఏరియా సేవ్ చేసుకుంటే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆఫ్‌లైన్‌లో అది కారు డ్రైవింగ్ దారి మాత్రమే చూపిస్తుంది, నడక దారి చూపించదు. కాంటూర్ గీతలు ఉండవు. కాంటూర్ గీతలంటే ఒకే ఎత్తులో ఉన్న పాయింట్లను కలిపే గీతలు. అవి దగ్గర దగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరంగా ఉంటే చదును. ఈ గీతలు లేని మ్యాప్‌తో కొండ ఎక్కడమంటే, లిఫ్ట్ ఉందో లేదో అడక్కుండా పదో అంతస్తులో ఇల్లు అద్దెకు తీసుకున్నట్టే.

అందుకే ఇంకో యాప్ కావాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో పనిచేసే ఓఎస్ఎంఅండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటివి ఫ్రీగా దొరుకుతాయి. ఆస్ట్రేలియా ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్‌ల కోసం హెమా మ్యాప్స్ చాలామంది వాడతారు. ప్రభుత్వ టోపో మ్యాప్‌ల పీడీఎఫ్‌లు ఉంటే అవెంజా యాప్‌లో వేసుకోవచ్చు, మీరున్న చోటు ఆ పీడీఎఫ్ మీదే చుక్కగా కనిపిస్తుంది.

ఇప్పుడు టెస్ట్. ఇంట్లోనే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆఫ్. ఫోన్ రీస్టార్ట్ చేయండి. యాప్ తెరిచి బ్లఫ్ దగ్గరికి వెళ్లి పూర్తిగా జూమ్ చేయండి. ట్రాక్ పేర్లు, కాంటూర్లు స్పష్టంగా కనిపిస్తే ఓకే. బూడిద రంగు గళ్లు కనిపిస్తే మ్యాప్ దిగలేదని అర్థం. కొన్ని యాప్‌లు లాగిన్ అడిగి ఆగిపోతాయి కూడా. ఆ సంగతి మాన్స్‌ఫీల్డ్ దాటాక తెలిస్తే చేసేదేం లేదు.

రూట్‌ని జీపీఎక్స్ ఫైల్‌గా సేవ్ చేసి, కనీసం ఇద్దరి ఫోన్లలో వేయండి. ఒకరిది ఐఫోన్, ఇంకొకరిది ఆండ్రాయిడ్ అయినా పర్వాలేదు, ఫైల్ రెండింట్లోనూ పనిచేస్తుంది.

దీనికి బ్యాకప్ ఏంటి? కాగితం మ్యాప్, దిక్సూచి. ఇక్కడ ఒక చిన్న టెక్నికల్ పాయింట్ ఉంది. దిక్సూచి ముల్లు చూపించేది అయస్కాంత ఉత్తరాన్ని, మ్యాప్ గీసింది అసలు ఉత్తరానికి. ఈ రెండింటి తేడా హైదరాబాద్‌లో దాదాపు సున్నా, అందుకే మనకి స్కూల్లో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. విక్టోరియాలో మాత్రం సుమారు 12 డిగ్రీలు తూర్పుకి ఉంటుంది. పట్టించుకోకుండా ఒక కిలోమీటరు నడిస్తే 200 మీటర్లు పక్కకి పోతారు. ఇంకోటి, ఇండియాలో కొన్న దిక్సూచి ముల్లు ఉత్తరార్ధగోళానికి బ్యాలెన్స్ చేసి ఉంటుంది, ఇక్కడ ఒక పక్కకి ఒరిగి సరిగా తిరగకపోవచ్చు. ఇక్కడే ఒకటి కొనుక్కోండి. ఫోన్‌లోని కంపాస్ వాడితే మాగ్నెట్ కేస్ తీసేసి, బండికి నాలుగడుగులు దూరంగా నిలబడి చూడండి.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఈ డౌట్ చాలామందికి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. జీపీఎస్ అంటే మీ ఫోన్ శాటిలైట్ల నుంచి సిగ్నల్ వినడమే, తిరిగి ఏమీ పంపదు. కానీ లెక్క వేయాలంటే ఆ శాటిలైట్ ఇప్పుడు ఎక్కడుందో ఫోన్‌కి తెలియాలి. సిటీలో ఈ సమాచారం ఇంటర్నెట్ నుంచి సెకన్లలో వచ్చేస్తుంది. కొండల్లో అయితే శాటిలైట్ నుంచే నేరుగా దిగాలి. దాని స్పీడ్ సెకనుకి 50 బిట్లు. అవును, 50 బిట్లే! ఒక్కో శాటిలైట్ తన స్థానం వివరాలు పూర్తిగా పంపడానికి 30 సెకన్లు పడుతుంది. మధ్యలో చెట్టో, కొండో అడ్డొస్తే మళ్లీ మొదటి నుంచి వినాలి.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది: లోయలో, దట్టమైన చెట్ల కింద లొకేషన్ రాలేదని కంగారు పడొద్దు. ఆకాశం కనపడే చోట ఫోన్‌ని కదపకుండా రెండు మూడు నిమిషాలు పట్టుకోండి. కొత్త ఫోన్ కొనేవాళ్లు స్పెక్ షీట్‌లో 'డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్', అంటే ఎల్1, ఎల్5 రెండూ ఉన్నాయో లేదో చూడండి. 2018లో వచ్చిన షావోమీ ఎంఐ 8 ఇలాంటి మొదటి ఫోన్. రాతి గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ వల్ల వచ్చే తప్పుని ఇది బాగా తగ్గిస్తుంది. లోయల్లో తిరిగేవాళ్లకి వంద మెగాపిక్సెల్ కెమెరా కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

బ్యాటరీ లెక్క పేపర్ మీద వేయండి

ఎంఏహెచ్‌తో లెక్క వేస్తే మోసపోతాం, వాట్ అవర్‌లో వేద్దాం. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే 5 × 3.85 = సుమారు 19 వాట్ అవర్. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 20 × 3.7 = 74 వాట్ అవర్. కానీ వోల్టేజ్ మార్చేటప్పుడు, కేబుల్‌లో కొంత పోతుంది. చేతికొచ్చేది 63 అనుకోండి. అంటే ఫోన్‌కి నాలుగు చార్జులు కాదు, మూడే.

ఇప్పుడు ఖర్చు. ఏరోప్లేన్ మోడ్, తక్కువ బ్రైట్‌నెస్, ట్రాక్ రికార్డింగ్, కొన్ని ఫోటోలు... రోజుకి 12 వాట్ అవర్ అనుకుందాం. మూడు రోజులకి 36. హెడ్‌ల్యాంప్, వాచ్ కలిపి ఇంకో 9. మొత్తం 45. చలికి ఇరవై శాతం తగ్గించుకుంటే పవర్ బ్యాంక్‌లో మనకి నమ్మకంగా ఉండేది 50. అంటే ఒక మనిషికి ఒక పవర్ బ్యాంక్ సరిగ్గా సరిపోతుంది. ఇద్దరికి ఒకటి చాలదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి:

1. సిగ్నల్ పోగానే ఏరోప్లేన్ మోడ్ వేయండి. లేదంటే ఫోన్ టవర్ వెతుకుతూ వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. జీపీఎస్ ఏరోప్లేన్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది.

2. రాత్రి ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోపాటే పడుకోవాలి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జ్ చేస్తే పాడవుతుంది. పొద్దున్నే టెంట్ బయట పెట్టి చార్జింగ్ వేయొద్దు, ముందు వేడెక్కనివ్వండి.

3. బండి నడిచేటప్పుడే చార్జ్ చేసుకోండి, పవర్ బ్యాంక్‌ని నడక కోసం దాచండి. ఇంజన్ ఆపాక 12 వోల్ట్ ఫ్రిజ్‌ని స్టార్టింగ్ బ్యాటరీ మీద రాత్రంతా నడిపితే, పొద్దున కూల్‌డ్రింక్ చల్లగానే ఉంటుంది, బండి మాత్రం స్టార్ట్ అవదు. ఒక జంప్ స్టార్టర్ ఉంచుకోండి.

4. ఇండియా నుంచి పవర్ బ్యాంక్ తెచ్చేవాళ్లు: 100 వాట్ అవర్ లోపుది అయ్యుండాలి, క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టాలి, చెక్ ఇన్ లగేజ్‌లో పెట్టకూడదు. 27,000 ఎంఏహెచ్ దాదాపు ఆ హద్దు.

వెలుగుకి ఫోన్ టార్చ్ మీద ఆధారపడొద్దు. మనిషికో హెడ్‌ల్యాంప్ ఉండాలి, చేతులు ఖాళీగా ఉంటాయి.

వాతావరణం: ఫోన్‌లో దాగున్న బారోమీటర్

మాన్స్‌ఫీల్డ్ సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. బ్లఫ్ దానికంటే 1,400 మీటర్లు పైన. ప్రతి 100 మీటర్లకి సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతాయి. అంటే వెదర్ యాప్‌లో మాన్స్‌ఫీల్డ్‌కి 12 డిగ్రీలు కనిపిస్తే కొండ మీద 3 డిగ్రీలు. దానికి గాలి తోడైతే ఇంకా చలి. జీన్స్, కాటన్ హుడీ తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తాయి. ఊలు లేదా సింథటిక్ బట్టలు, పైన వాన ఆపే జాకెట్ కావాలి. ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా అది అలసట అనుకోవద్దు. వెంటనే ఆగి, గాలి తగలని చోట పొడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టాలి.

సిగ్నల్ లేకపోతే కొత్త ఫోర్‌కాస్ట్ రాదు. కానీ మంచి ఫోన్లలో, చాలా స్పోర్ట్స్ వాచ్‌లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. దాన్ని ఇలా వాడండి: రాత్రి పడుకునే ముందు గాలి పీడనం రీడింగ్ రాసుకోండి. పొద్దున అదే చోట మళ్లీ చూడండి. నాలుగైదు హెక్టోపాస్కల్స్ పడిపోయి ఉంటే వాతావరణం చెడుతోందని అర్థం. ఎత్తు మాత్రమే చూపించే వాచ్ అయినా సరే. మీరు కదలకుండానే 'ఎత్తు' 40, 50 మీటర్లు పెరిగిందంటే, పెరిగింది మీరు కాదు, తగ్గింది పీడనం. ఆ రోజు కొండ ఎక్కే ప్లాన్ మార్చుకోండి.

దీనికి బ్యాకప్ మీ కళ్లే. పడమర నుంచి మబ్బు గట్టిపడుతున్నా, గాలి దిశ ఒక్కసారిగా మారినా వెనక్కి తిరగండి.

బండి: ఆల్ వీల్ డ్రైవ్ వేరు, ఫోర్ వీల్ డ్రైవ్ వేరు

అద్దె బండి తీసుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, లో రేంజ్ గేర్ ఉందా? సిటీ ఎస్‌యూవీల్లో నాలుగు చక్రాలూ తిరుగుతాయి గానీ లో రేంజ్ ఉండదు. నిటారు దిగుడులో బ్రేక్ మీద కాలు పెట్టి జారకుండా, ఇంజనే బండిని పట్టి ఉంచాలంటే లో రేంజ్ మొదటి గేరు కావాలి. రెండు, అగ్రిమెంట్‌లో మట్టి ట్రాక్‌లకి ఒప్పుకున్నారా? చాలా కంపెనీల ఇన్సూరెన్స్ తారు రోడ్డు దాటితే వర్తించదు.

టైర్లలో గాలి: తారు రోడ్డు మీద 36 పీఎస్ఐ ఉంటే, గ్రావెల్ మీద 28 నుంచి 30, రాళ్ల ట్రాక్ మీద 22 నుంచి 25 దాకా తగ్గిస్తే పట్టు బాగుంటుంది, పంక్చర్లు తగ్గుతాయి. గాలి తగ్గించినప్పుడు స్పీడ్ కూడా తగ్గించాలి. తిరిగి నింపడానికి 12 వోల్ట్ కంప్రెసర్, ప్రెషర్ గేజ్ ఉండాలి.

పెట్రోల్ లెక్క: లూప్ 200 కిలోమీటర్లు అనుకోండి. ట్రాక్ మీద బండి వందకి 18 లీటర్లు తాగుతుందనుకుంటే 36 లీటర్లు. దానికి సగం రిజర్వ్ కలిపితే 54. ట్యాంక్‌లో అంత లేకపోతే ప్లాన్ చిన్నది చేయండి.

నిటారు ఎక్కుడులో బండి ఆగిపోతే పక్కకి తిప్పే ప్రయత్నం చేయొద్దు, దొర్లిపోతుంది. రివర్స్ గేర్‌లో నేరుగా వెనక్కి దిగాలి. నీళ్లు దాటే ముందు లోతు, వేగం చూడాలి. నడిచి దాటడానికే భయం వేసే ప్రవాహంలో బండి దించకూడదు. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు స్ట్రాప్‌ని టో బాల్‌కి తగిలించొద్దు. అది ఊడితే తూటాలా దూసుకొస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్‌కే తగిలించాలి.

రెండు బండ్లయితే యూహెచ్ఎఫ్ సీబీ రేడియో చాలా ఉపయోగం. లైసెన్స్ ఫీజు లేదు, నెల బిల్లు లేదు. ఇరుకు మలుపులో "ఎదురుగా బండి వస్తోంది" అని ముందు బండి చెప్పగలదు. 5, 35 చానెల్స్ ఎమర్జెన్సీకి మాత్రమే, వాటి మీద కబుర్లు చెప్పకూడదు.

నడక: టైమ్ ముందే కట్టాలి

1892లో విలియమ్ నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు ఒక సింపుల్ లెక్క ఇచ్చారు. గంటకి 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. రాను పోను 8 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న నడక తీసుకుందాం. 1 గంట 36 నిమిషాలు + 1 గంట = 2 గంటల 36 నిమిషాలు. ఇది అలవాటున్నవాళ్లకి. కొత్తవాళ్లు ఉంటే ఒకటిన్నర రెట్లు వేయండి, సుమారు 4 గంటలు. ఫోటోలు, తిండి కలిపితే 5.

ఏప్రిల్ మొదటి ఆదివారం ఇక్కడ డే లైట్ సేవింగ్ అయిపోతుంది. ఆ రోజు నుంచి సాయంత్రం ఒక గంట ముందే చీకటి పడుతుంది. ఏప్రిల్ మధ్యలో ఆరు గంటలకే సూర్యుడు దిగిపోతాడు. కాబట్టి 9కి బయల్దేరండి, మధ్యాహ్నం 12:30కి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. శిఖరం యాభై మీటర్లలో కనిపిస్తున్నా సరే. ఈ 'టర్న్ అరౌండ్ టైమ్'ని ఫోన్‌లో అలారంగా పెట్టండి, ఒకరి చేతికి మామూలు వాచ్ కూడా ఉండాలి.

టెంట్ వేసేటప్పుడు పెద్ద యూకలిప్టస్ కొమ్మ కింద వేయొద్దు. గాలి లేకపోయినా ఈ చెట్లు కొమ్మలు రాల్చేస్తాయి. నది నీళ్లు మరిగించే తాగండి.

సాయం పిలవడం: ఏ గ్యాడ్జెట్ ఏం చేస్తుంది?

మామూలు ఫోన్: ఆస్ట్రేలియాలో ఎమర్జెన్సీ నంబర్ 000. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, వేరే ఏ నెట్‌వర్క్ టవర్ అందినా ఈ కాల్ వెళ్తుంది. ఏ టవరూ లేకపోతే వెళ్లదు. మొబైల్ నుంచి 000కి ఎస్ఎంఎస్ పనిచేయదు. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ పెట్టుకుంటే మీరున్న చోటు అక్షాంశ రేఖాంశాలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, చదివి చెప్పొచ్చు.

ఐఫోన్ 14, ఆ తర్వాతివి: శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆస్ట్రేలియాలో 2023 మే నుంచి ఉంది. ఆకాశం తెరిపిగా కనపడాలి, ఫోన్‌ని శాటిలైట్ వైపు తిప్పి పట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో డెమో ఉంది, ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి. చేతులు వణుకుతున్నప్పుడు మొదటిసారి నేర్చుకోవడం కష్టం.

పీఎల్‌బీ, అంటే పర్సనల్ లొకేటర్ బీకన్: అరచేతిలో పట్టే డబ్బా. యాంటెన్నా తీసి బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్ సర్సాట్ శాటిలైట్లకి సిగ్నల్ పంపుతుంది. కనీసం 24 గంటలు పంపుతూనే ఉంటుంది. నెలవారీ చందా లేదు, బ్యాటరీ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆమ్సా అనే ప్రభుత్వ సంస్థ దగ్గర ఫ్రీగా రిజిస్టర్ చేయాలి. అక్కడ మీరిచ్చే కాంటాక్ట్ నంబర్లకే వాళ్లు ముందు ఫోన్ చేసి, నిజంగా కొండల్లోనే ఉన్నారా అని కనుక్కుంటారు. లోపం ఏంటంటే ఇది వన్ వే. మీకు జవాబు రాదు.

శాటిలైట్ మెసెంజర్: గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి. ఇరిడియం శాటిలైట్ల ద్వారా టూ వే మెసేజ్‌లు. "కాలు బెణికింది, ప్రాణాపాయం లేదు" అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. చందా కట్టాలి, చార్జింగ్ చూసుకోవాలి.

నా సలహా: గ్రూప్‌కి ఒక పీఎల్‌బీ తప్పనిసరి, అద్దెకి తీసుకున్నా సరే. మిగతావి మీ బడ్జెట్‌ని బట్టి. పీఎల్‌బీ బండిలో ఉండకూడదు, నడిచే మనిషి ఒంటి మీద ఉండాలి. బ్యాగ్ లోయలో పడిపోవచ్చు, జేబు పడిపోదు.

అన్నింటికంటే ముఖ్యమైన గ్యాడ్జెట్: ఇంట్లో ఉన్న మనిషి

బటన్ నొక్కడానికి మీరు స్పృహలో లేకపోతే? అప్పుడు పనిచేసేది ఒక్కటే. మీరు రాలేదని గమనించే మనిషి.

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఇక్కడ పనిచేయదు. మాన్స్‌ఫీల్డ్ దాటాక చుక్క ఆగిపోతుంది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో అమ్మ ఆ ఆగిపోయిన చుక్క చూసి రాత్రంతా నిద్రపోదు. అందుకని ముందే చెప్పండి: "అమ్మా, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఫోన్ కలవదు, అది మామూలే." కానీ బాధ్యత మాత్రం మెల్‌బోర్న్‌లోనే ఉన్న ఫ్రెండ్‌కి ఇవ్వండి. ఇండియా నుంచి 000 డయల్ చేస్తే ఇక్కడి పోలీసులకు వెళ్లదు, పైగా నాలుగున్నర గంటల టైమ్ తేడా. ఆ ఫ్రెండ్ ఫోన్ నంబర్ అమ్మకి, అమ్మ నంబర్ ఆ ఫ్రెండ్‌కి ఇవ్వండి.

మెసేజ్ ఇలా ఉండాలి:

"నలుగురం, తెల్ల రంగు ఫోర్ వీల్ డ్రైవ్, నంబర్ ఇది. శుక్రవారం రాత్రి షీప్‌యార్డ్ ఫ్లాట్. శనివారం బ్లఫ్ నడక, బండి కింద పార్కింగ్‌లో. ఆదివారం క్రెయిగ్స్ హట్, మధ్యాహ్నం మాన్స్‌ఫీల్డ్. పీఎల్‌బీ ఉంది. ఆదివారం రాత్రి 8 లోపు ఫోన్ చేస్తాం. 8కి రాకపోతే మా నలుగురికీ ట్రై చెయ్యి. 9 దాకా కలవకపోతే పోలీసులకి ఫోన్ చేసి ఈ మెసేజ్ చదువు."

ఇందులో ముఖ్యమైనది ఆ 8, ఆ 9. టైమ్ చెప్పకపోతే "ఇంకాసేపు చూద్దాం, వీళ్లెప్పుడూ లేటేగా" అనుకుంటూ తెల్లారిపోతుంది. రూట్ చెప్పకపోతే పోలీసులు వెతకాల్సింది ఒక కొండ కాదు, మొత్తం కొండల వరుస. ఒకసారి చెప్పాక రూట్ మార్చొద్దు. సిగ్నల్ రాగానే చేసే మొదటి పని ఇన్‌స్టాలో ఫోటో పెట్టడం కాదు, ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేయడం.

ఈ సామాను ఇండియాకి తేవొచ్చా?

జాగ్రత్త. శాటిలైట్ ఫోన్, ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ ముందస్తు ప్రభుత్వ అనుమతి లేకుండా ఇండియాలోకి తేవడం, వాడటం చట్ట విరుద్ధం. విమానాశ్రయాల్లో ఇలాంటి డివైస్‌తో దొరికి కేసులు ఎదుర్కొన్న విదేశీ టూరిస్టులున్నారు. ఆస్ట్రేలియా సీబీ రేడియో ఫ్రీక్వెన్సీ కూడా మన దగ్గర లైసెన్స్ లేకుండా వాడేది కాదు. కాబట్టి స్పితి, లద్దాఖ్ వెళ్లే మన ఫ్రెండ్స్‌కి మిగిలేది ఆఫ్‌లైన్ మ్యాప్, కాగితం మ్యాప్, లోకల్ గైడ్, ఇంట్లో ఒక మనిషి దగ్గర టైమ్‌తో సహా ప్లాన్. గ్యాడ్జెట్ తగ్గిన కొద్దీ ఆ చివరిదాని విలువ పెరుగుతుంది.

ప్రాక్టీస్: ఒక రోజు ఫోన్ ఆఫ్ టెస్ట్

దీనికి ఆస్ట్రేలియా అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్లండి, విశాఖ వైపు ఉంటే చలికాలంలో లంబసింగి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరి ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఆఫ్‌లైన్ మ్యాప్‌తో దారి పట్టండి, నైస్మిత్ లెక్కతో మీ అసలు స్పీడ్ పోల్చండి, సాయంత్రం ఎంత బ్యాటరీ మిగిలిందో రాసుకోండి. మధ్యలో ఒక గంట ఫోన్లు పూర్తిగా స్విచ్ ఆఫ్ చేసి, కాగితం మ్యాప్ మీద "ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అని ఒకరినొకరు అడగండి. నలుగురూ ఒకే చోట వేలు పెడితే మీ గ్రూప్ రెడీ. నాలుగు వేళ్లు నాలుగు చోట్ల పడితే, పెద్ద ట్రిప్‌కి ముందు ఇలాంటి రోజు ఇంకొకటి పెట్టుకోండి.